ఈరవ్వ జమానతు

విమలమ్మ ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక కాగితం తీసి వరుసగా అంకెలు వేస్తుంది. కామారెడ్డి ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరిన పదేళ్లలో ఆ కాగితం తప్పిన రోజు లేదు. సంతకు పోవడానికి కాగితం, పిల్లల తలల్లో పేలు చూసే రోజుకు కాగితం, ఇంటి గోడకు సున్నం వేయించడానికి కాగితం. ఆమె భర్త అబ్రాహాము రైల్వే గూడ్సు షెడ్డులో కూలీల మీద ముకద్దం. ఆయన కూడా తన పేరు ఎన్నో అంకె మీద ఉందో చూసుకున్నాకే అన్నానికి కూర్చుంటాడని వీధిలో నవ్వుకునేవారు.

అంచేత 1937లో, చలి తగ్గుముఖం పట్టి, నిజాం సర్కారు లెక్కలో ఫర్వర్దీ నెల నడుస్తుండగా, ఆడవాళ్లమే రైలెక్కి ఎల్లోరా గుహలు చూసొద్దామని ఆమె అన్నప్పుడు, జరగదేమో అన్న అనుమానం ఊరందరికీ వచ్చింది గాని ఆమెకు రాలేదు. కాగితం అప్పటికే సిద్ధంగా ఉంది. గురువారం సాయంత్రం కామారెడ్డిలో బండి ఎక్కితే శుక్రవారం పొద్దున ఔరంగాబాదు. ఆ రోజు దౌలతాబాదు కోట. రాత్రికి సత్రం. శనివారం తెల్లవారుతూనే టాంగాల మీద ఎల్లోరా, అక్కడ రాతిలో తొలిచిన గుళ్లు, విగ్రహాలు. ఆదివారం తిరుగు బండి. బడికి శుక్రవారం ఎలాగూ సెలవే, మిగతా రోజులకు సెలవు చీటీ రాసి పెట్టుకుంది.

స్టేషనులో కనుక్కొని వచ్చిన అబ్రాహాము ఒక మంచి మాట చెప్పాడు. ఎనిమిది మంది ఆడవాళ్లు ఒకే జట్టుగా అర్జీ పెట్టుకుంటే జనానా డబ్బాలో ఒక గది పూర్తిగా వాళ్లకే ఇస్తారు, మగవాళ్లెవరూ ఎక్కరు. ఏడుగురైతే ఇవ్వరు. గది లేకపోతే ఏ ఇంటి కోడలూ గడప దాటదని విమలమ్మకు తెలుసు. కాగితం మీద ఎనిమిది అంకె వేసి చుట్టూ సున్న చుట్టింది.

తాను కాక ఆరుగురు ముందే మనసుపడ్డారు. ధాన్యం వ్యాపారి గంగారాం భార్య లక్ష్మీనర్సమ్మ, బట్టలకు రంగులద్దే ఇంటి రుక్మాబాయి, పట్వారీ ఇంటి తోడికోడళ్లు ఇద్దరు, కాంపౌండరు భార్య, మగ్గం నేసే సాలవ్వ. మనసుపడటం వాళ్ల చేతిలో ఉంది, పోవడం వాళ్ల అత్తల చేతిలో ఉంది. విమలమ్మ ఆ అత్తల దగ్గరికి ఒక్కొక్క ఇంటికే వెళ్లింది. చరిత్ర చెప్పింది. కొండను తొలిపించిన రాజుల పేర్లు, వాళ్ల తాతల పేర్లు కూడా చెప్పింది. గంగారాం తల్లి ఎంకవ్వ చెంపకు చెయ్యి ఆనించుకొని అంతా విని, ఆ రాజులు ఇప్పుడు ఉన్నారా అని అడిగింది. లేరని విమలమ్మ చెప్పింది. మరి ఎవరిని చూడటానికి పోతున్నట్టు అని ఎంకవ్వ అడిగింది. దానికి విమలమ్మ ఇంకో అరగంట జవాబు చెప్పి వచ్చింది.

మూడు వారాలకు అత్తలందరూ ఒప్పుకున్నారు. తన ఉపన్యాసాలు ఆలస్యంగానైనా తలకెక్కాయని విమలమ్మ సంబరపడింది.

ఆ మూడు వారాలూ ఆ ఇండ్లన్నింటి పెరళ్లలో ఉలి చప్పుడు వినబడుతూనే ఉంది. దారి తిండికి పేలపిండి కావాలి, సద్దరొట్టెలకు పిండి కావాలి, పల్లీల కారం కావాలి. విసుర్రాళ్లేమో నున్నబడి ఉన్నాయి. రాతి మీద ఉలితో సన్నని గాట్లు పెడితే గాని మళ్లీ గింజ నలగదు. ఆ గాట్లు పెట్టడాన్నే కక్కు కొట్టడం అంటారు. ఎల్లారెడ్డి ఊరి వడ్డెర మనిషి ఈరవ్వకు అదే పని. యాభై దాటినా నడుము వంగలేదు. భుజాన గోనెసంచి, అందులో రెండు ఉలులు, ఒక సుత్తె. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట, లింగంపేట నుంచి కామారెడ్డి, నడుమ ఊళ్లన్నీ కాలినడకనే తిరుగుతుంది. ఏ ఇంట్లో రాయి ఎప్పుడు నున్నబడుతుందో ఆ ఇంటివాళ్లకంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

విమలమ్మ ఇంట్లో కక్కు కొట్టడానికి వచ్చిన రోజున ఈరవ్వ అక్కడ గోడకు అంటించి ఉన్న ఎల్లోరా అచ్చుబొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. వేలితో ముట్టలేదు, దగ్గరగా ముఖం పెట్టి మాత్రం చూసింది. స్తంభాలకు ఎక్కడా అతుకు కనబడదేమని అడిగింది. అతికింది కాదని, కొండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారని విమలమ్మ చెప్పింది. అది చేసి వెయ్యేండ్లు దాటిందని కూడా చెప్పింది. ఈరవ్వ ఇంకేమీ అడగకుండా తాను కూడా వస్తానని, బండి ఖర్చు తనదేనని అంది.

విమలమ్మకు ఎనిమిదో మనిషి దొరికింది. దానికి తోడు దారిలో నీళ్లు పట్టడానికీ మూటలు మొయ్యడానికీ ఎవరా అని కొట్టుకుంటున్న ఆలోచన కూడా తీరింది. ఒక బీద మనిషికి ఇంత గొప్ప చోటు చూపిస్తున్నానని తన మంచితనానికి తానే ఆ రోజంతా సంతోషించింది.

*

ప్రయాణానికి ముందు శుక్రవారం లక్ష్మీనర్సమ్మ ఇంట్లో అందరూ చేరారు. వెనుక పెరట్లో ఈరవ్వ ఆ ఇంటి పెద్ద విసుర్రాయికి చివరి చుట్టు కక్కు కొడుతోంది. విమలమ్మ దౌలతాబాదు కోట పటం పలక మీద గీసి చూపించింది, కోట మెట్లు ఎక్కేటప్పుడు ఎవరూ వెనక్కి చూడొద్దని చెప్పింది. తర్వాత కాగితం తీసి బడిలో హాజరు పిలిచినట్టు పైకి చదివింది.

ఒకటి, విమలమ్మ. రెండు, లక్ష్మీనర్సమ్మగారు. మూడు, రుక్మాబాయిగారు. పేరు విన్న ప్రతి మనిషీ కొంచెం సర్దుకొని కూర్చుంది. మొదటిసారి తమ పేరు ఒక కాగితం మీదికి ఎక్కిన ముచ్చట వాళ్లది. ఏడు దాకా చదివి విమలమ్మ గొంతు మార్చకుండానే ఎనిమిది చదివింది.

“ఎనిమిది, నీళ్లకు సామానుకు ఒక మనిషి.”

పెరట్లో ఉలి ఆగింది. లక్ష్మీనర్సమ్మ తన రాగి కూజా పట్టుకొని కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో అడుగుతోంది గనుక ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి ఉలి మళ్లీ మొదలైంది. ఈరవ్వ మిగిలిన చుట్టు పూర్తిచేసి, రాతి మీద దుమ్మును చీపురుతో ఊడ్చి, రెండు రాళ్లనూ ఒకదాని మీద ఒకటి ఎక్కించి, గుప్పెడు జొన్నలు వేసి తిప్పి చూసింది. పిండి సన్నగా రాలింది. ఉలులు తుడుచుకొని సంచిలో వేసుకుంది. అరుగు పక్కనుంచి పోతూ పోయొస్తనని అందరికీ కలిపి ఒక మాట చెప్పింది. గురువారం రెండు గంటలకల్లా స్టేషనుకు రమ్మని విమలమ్మ కేకేసింది. ఈరవ్వ వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే రుక్మాబాయి వచ్చింది. అత్తకు దగ్గు ఎక్కువైందని, తాను రాలేనని చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇంకా గుమ్మంలో ఉండగానే పట్వారీ ఇంటి నుంచి కబురు వచ్చింది, వాళ్లింట్లో ఏదో మొక్కు గుర్తుకొచ్చిందట. మధ్యాహ్నానికి కాంపౌండరు తల్లికి కాలు బెణికింది. సాలవ్వ ఒక్కతి మాత్రం ఏ కారణమూ కల్పించలేక, మా అత్త వద్దంటున్నదని ఉన్న మాట చెప్పేసింది.

విమలమ్మ చెప్పులు కూడా సరిగా తొడగకుండా ఎంకవ్వ దగ్గరికి నడిచింది. ఎంకవ్వ తమలపాకుకు సున్నం రాస్తోంది. కోడళ్లకు చరిత్ర అక్కర్లేదా, ఇచ్చిన మాటకు విలువ లేదా అని విమలమ్మ మొదలుపెట్టింది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఎంకవ్వ ఆకు మడిచింది.

“పంతులమ్మా, నిన్ను సూసి ఒప్పుకున్నననుకున్నవా? నువ్వు రాజుల ముచ్చట చెప్పి పోయినవు. నా కోడలికి రైల్ల జరమొస్తే ఎవరు సూస్తరు, ఎవడన్న ఎక్కువ తక్కువ మాట్లాడితే ఎవరు జవాబు చెప్తరు, అది నువ్వు చెప్పలే. ఈరవ్వ చెప్పింది. అవ్వా, నేను జమానతు, పూచీ నాది, తీస్కపోయిన పిల్లను తీస్కపోయినట్టే తెచ్చి నీ గడపల నిలబెడుత అన్నది. అందుకు ఒప్పుకున్న.”

“మరి ఇప్పుడేమైంది?”

“నిన్న పొద్దుగూకంగ వచ్చింది. నేను పోతలేనవ్వా, నా జమానతు నేను ఎత్తుకుంటున్న అని చెప్పి పోయింది. అన్ని ఇండ్లకు పోయి అదే చెప్పింది.”

ఇరవై ముప్పై ఏళ్లుగా ఆ పెరళ్లలో కూర్చొని రాయి కొట్టిన మనిషి మాట మీద, అత్తలు తమ ఇంటి కోడళ్లను మూడు రాత్రులు బయటికి పంపడానికి సిద్ధపడ్డారు. తన మాట మీద ఒక్కరు కూడా కాదు. విమలమ్మకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఆడవాళ్లను బయటి లోకం చూడకుండా ఆపిన మనిషిని ఊరికే వదలనని అనుకుంది. ఇంటికి పోయి కాగితం తీసి, ఈరవ్వను అడగాల్సిన మాటలు మూడు అంకెలు వేసి రాసుకుంది.

*

ఆదివారం బడికి సెలవు చీటీ పంపి ఎల్లారెడ్డి బస్సెక్కింది. దుమ్ములో రెండు గంటలు ఆ మూడు మాటలూ వల్లె వేసుకుంది. దిగాక ఈరవ్వ ఇల్లు ఎక్కడని అడగాల్సిన పని పడలేదు. బజారు వెనుక వీధిలోంచి ఉలి చప్పుడు వస్తోంది. దాన్ని పట్టుకొని పోతే ఒక ఇంటి పెరట్లో, పందిరి నీడలో, రెండు కాళ్ల నడుమ విసుర్రాయి పెట్టుకొని ఈరవ్వ కూర్చొని ఉంది. విమలమ్మను చూసి ఆశ్చర్యపోలేదు.

“ఆ అంచు పట్టుకో పంతులమ్మా, రాయి కదులుతున్నది.”

విమలమ్మ గొంతుక్కూర్చొని రెండు చేతులతో రాయి పట్టుకుంది. ఉలి పడ్డ ప్రతిసారీ రాతి పొట్టు వచ్చి మణికట్టుకు తగులుతోంది. ప్రతి దెబ్బకూ ఆమెకు కళ్లు మూతలు పడుతున్నాయి. ఈరవ్వ రెప్ప కొట్టడం లేదు. నడిమి కన్నం దగ్గర మొదలుపెట్టి అంచుదాకా గాటు పక్కన గాటు వేస్తూ, ప్రతి వరుసకూ చేతిని రాతి మీద ఒకసారి తిప్పి తడిమి చూస్తోంది. ఒకచోట లోతు చాలలేదని అదే గాటు మీద మళ్లీ రెండు దెబ్బలు వేసింది. ఎవరూ అడగని పని అది. విమలమ్మ మూడు మాటల్లో రెండు అక్కడే మరిచిపోయింది. మిగిలిన ఒక్కటీ అడిగింది.

“నేను నిన్ను ఏమన్న అన్ననా ఈరవ్వా? ఇల్లిల్లు తిరిగి గట్ల చెప్పుడు న్యాయమేనా?”

“చెప్పకుంట పోతే న్యాయమైతుండెనా? మాట ఇచ్చిన కాడనే మాట తీసుకోవాలె. రేపు ఆ పిల్లలకు ఏమన్న అయితే ఎంకవ్వ నన్ను అడుగుతది గని నిన్ను అడుగదు.”

“పనిమనిషిగ రానని నాకు ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద.”

ఈరవ్వ సుత్తె దించింది.

“నువ్వు నన్ను అడిగినవా? నువ్వు రాసినవు.”

విమలమ్మ రాయి పట్టుకున్న చేతులు తియ్యలేదు. పదేళ్లుగా పిల్లలకు రాసింది చదవమని చెబుతోంది, రాసింది తప్పు కావచ్చని ఏనాడూ చెప్పలేదు. ఏడు పేర్ల తర్వాత పేరు లేకుండా రాసిన ఆ వరుసను తాను ఎంత నిబ్బరంగా చదివిందో గుర్తుకొచ్చింది. కోపం పోయి ఆ చోట సిగ్గు వచ్చింది. అంత సిగ్గు ఆమె పెద్దయ్యాక ఎన్నడూ ఎరగదు.

“నేను రాసింది తప్పు,” అంది చివరికి. ఆ ఒక్క ముక్కకు ఆమెకు రెండు గంటల బస్సు ప్రయాణం కంటే ఎక్కువ ఆయాసం వచ్చింది.

ఈరవ్వ ఉలి మొనను బొటనవేలితో చూసుకుంది.

“నలభై ఏండ్ల సంది రాయి కొడుతున్న. నా గాటు ఆరు నెలలకు అరుగుతది. అరగకుంటే నాకు బువ్వ లేదు. వెయ్యేండ్లకు అరగని ఉలిదెబ్బ ఎట్లుంటదో నా కండ్లతోటి సూడాలె. నెత్తి మీద సామానుంటే నా సూపు సామాను మీదనే ఉంటది పంతులమ్మా. గుడి మీద ఉండది.”

విమలమ్మ సంచిలోంచి పాత కాగితం తీసి చించేసింది. కొత్త కాగితం మోకాలి మీద పెట్టుకొని ఎనిమిది పేర్లు రాసి చదివి వినిపించింది. ఎనిమిదోది ఈరవ్వగారు. ఆ గారు విని ఈరవ్వ నవ్వింది, నవ్వితే ముందు పన్ను ఒకటి లేదని తెలిసింది. నీళ్లు ఎవరు తెస్తారని అడిగింది. ఎవరి చెంబు వాళ్లదేనని విమలమ్మ చెప్పింది. ఆ మాట లక్ష్మీనర్సమ్మకు చెప్పావా అని ఈరవ్వ అడిగింది. చెప్పలేదని విమలమ్మ ఒప్పుకుంది.

“చెప్పు. నువ్వే చెప్పాలె. నేను బుధవారం కామారెడ్డికొస్త. చెప్పలేదని తెలిస్తే గట్లనే మర్లిపోత.”

తర్వాత రాయిని ఇంకొంచెం ఎండ తగలని పక్కకు జరపమని చెప్పింది. పని పూర్తయ్యేదాకా విమలమ్మ ఆ రాయి పట్టుకొనే కూర్చుంది.

*

సోమవారం బడి విడిచాక లక్ష్మీనర్సమ్మ ఇంటికి వెళ్లేటప్పుడు విమలమ్మ చేతిలో కాగితం లేదు. నిలబడే చెప్పింది. ఈరవ్వ మన జట్టులో మనిషి, పనిమనిషి కాదు, ఎవరి నీళ్లు వాళ్లు, ఎవరి మూట వాళ్లు. గదిలో బల్లల మీద అందరికీ చోటు ఒకటే.

లక్ష్మీనర్సమ్మ చెడ్డ మనిషి కాదు. బావి దగ్గరికి చెంబు కూడా తీసుకుపోవాల్సిన అవసరం పుట్టినప్పటి నుంచి పడని మనిషి, అంతే. వడ్డెర మనిషి పక్కన రాత్రంతా కూర్చోవడం ఎట్లా అని మెల్లగా అడిగింది. తాను రాకపోతే ఏమవుతుందని కూడా అడిగింది. విమలమ్మకు మూడు నెలల కల అది. గోడ మీది ఆ అచ్చుబొమ్మను ఆమె రోజూ నిద్రపోయే ముందు చూసుకుంటుంది. అయినా చెప్పింది. మీరు రాకపోతే ఏడుగురం అవుతాం, గది రాదు, ఎవరమూ పోము. కాగితం చించుతాను గాని మార్చను.

లోపలి గదిలోంచి ఎంకవ్వ గొంతు వినిపించింది. ఆమె ఇంతసేపూ వింటోందని అప్పుడు గాని తెలియలేదు.

“ఈరవ్వ పోతున్నదా పంతులమ్మా?”

“పోతున్నదవ్వా.”

“అయితే నా కోడలు పోతది. చెంబు మోస్తే చెయ్యి ఇరుగది.”

బుధవారం ఈరవ్వ వచ్చి ఇల్లిల్లూ తిరిగి జమానతు మళ్లీ ఇచ్చింది. రుక్మాబాయి అత్తకు దగ్గు తగ్గింది. పట్వారీ ఇంటి మొక్కు వచ్చే నెలకు వాయిదా పడింది. కాంపౌండరు తల్లి కాలు అంత తొందరగా ఎట్లా నయమైందో ఆ కాంపౌండరుకే తెలియలేదు.

గురువారం రెండు గంటలకు కామారెడ్డి స్టేషనులో ఎనిమిది మంది ఆడవాళ్లు, ఎనిమిది మూటలు. లక్ష్మీనర్సమ్మ రాగి కూజా రెండు చేతులా పట్టుకొని, అడుగు అడుగుకూ నీళ్లు ఒలికించుకుంటూ, తడిసిన పట్టుచీర కుచ్చిళ్లతో ప్లాట్‌ఫారం దాకా నడిచింది. కూజాను చంకలో పెట్టుకోవాలని ఈరవ్వ నడుస్తూనే చూపించింది, మొయ్యలేదు. ఈరవ్వ భుజాన ఎప్పటి గోనెసంచే ఉంది. ఉలులు మాత్రం తీసి ఇంట్లో పెట్టి వచ్చానని, అక్కడ తాను చెక్కాల్సింది ఏమీ ఉండదని సాలవ్వతో చెబుతోంది.

టికెట్టు కిటికీ దగ్గర బుకింగు బాబు అర్జీ కాగితం తీశాడు. జట్టుకు పెద్ద ఎవరో పేరు రాసి సంతకం చెయ్యాలన్నాడు. దారిలో ఎవరికి ఏం జరిగినా రైలువాళ్లు ఆ మనిషినే అడుగుతారట. అంటూనే కలం విమలమ్మ చేతికిచ్చాడు. ఇంకెవరికి ఇస్తాడు, ఇస్త్రీ చీర ఆమెదే, కళ్లజోడు ఆమెదే.

విమలమ్మ కలం తీసుకుంది. రెండు మూడు ఊపిర్లసేపు కాగితం మీద పెట్టకుండా పట్టుకుంది. ఆ చోట తన పేరు ఉండాలని ఆమెకు మనసులో చాలా ఉంది, ఆ విషయంలో అబద్ధం ఆడి లాభం లేదు. తర్వాత వంగి, ఈరవ్వ, ఎల్లారెడ్డి అని గుండ్రని అక్షరాలతో రాసి పక్కకు జరిగింది. జట్టుకు పెద్ద ఈమేనని, సంతకం రాదు గనుక వేలిముద్ర వేయించుకోమని చెప్పింది. ఈరవ్వ ఆమె ముఖం వైపు ఒకసారి చూసి, సంచి సాలవ్వకు ఇచ్చి కిటికీ దగ్గరికి వచ్చింది.

బాబు సిరా దిండు జరిపాడు. ఈరవ్వ బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తింది. నల్లని మచ్చ పడింది గాని అందులో ఒక్క గీత లేదు. వేలు కదిపావని బాబు కసురుకొని మళ్లీ వేయించాడు. మళ్లీ అంతే. ఎడమ చెయ్యి వేయించాడు. అదీ నున్నగా నల్లగా పడింది. ఆ వేలిని పట్టుకొని వెలుతురుకు తిప్పి చూశాడు. వెనుక జనం తోసుకుంటున్నారు.

“గీతలే లేవు. ఇది నీ ముద్ర అని రేపు ఎట్ల తెలుస్తది?”

ఈరవ్వ వేలు విడిపించుకొని కొంగుకు తుడుచుకుంది.

“నీ ఇల్లు గంజి బజారు వెనక గల్లీల మూడోది గదా బాబూ,” అంది. “నా గీతలు మీ ఇంట్ల ఇసుర్రాయి మీద ఉన్నయి. పోయిన నెలనే కొట్టిన, ఇంక అరగలే. నీ పెండ్లాన్ని అడుగు, ఎవరివో చెప్తది.”

బాబు ఆమె ముఖం, కాగితం మార్చి మార్చి చూశాడు. ఆపైన ఆ నల్లని మచ్చ పక్కనే స్టాంపు కొట్టి ఎనిమిది టికెట్లూ ఈరవ్వ చేతిలో పెట్టాడు.